మోకాటిలోతు

ఇరువారం బైపాస్ పక్కన
జిలానీ బాయ్ షెడ్డు ముందు లారీ ఆగింది.
ఆగింది అనకూడదు,
దగ్గతా దగ్గతా వచ్చి చతికిలబడింది.

"మిస్సు కొడతాంది బాయ్" అన్నాడు మా డ్రైవరు కుప్పుసామి.
"నీళ్ళు ఎంత లోతు?"
"మోకాటిలోతే."

జిలానీ బాయ్ అవుననలా, కాదనలా.
సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.
తెల్లపొగ,
ఇడ్లీపాత్ర మూత తీసినంత తెల్లగా.
అందులో అరచెయ్యి పెట్టి మూచూసుకున్నాడు.
"కాలకుండానే బయటికొస్తాంది డీజిలు.
ఆర్గురు పనోళ్ళలో ఒకడు ఎగ్గొట్టినాడు."

పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద,
పిడి కుడిచెవి మీద.
ఎడమచెవిని ఎప్పుడో ఎయిర్‌హారన్లు తినేసినాయి.
పక్కింటి తగువు వినేవాడి మాదిరి
కళ్ళు మూసుకుని విన్నాడు.

ఆపైన పదిహేడో నంబరు స్పానరు.
ఒకటోదాని నాజిల్ పైపు నట్టు అర చుట్టు వదిలినాడు.
ఇంజను కుంటింది. బిగించినాడు.
రెండోదాన్ని వదిలినాడు.
ఇంకా కుంటింది. బిగించినాడు.
మూడోదాన్ని వదిలితే
డీజిలు చిమ్మింది, చొక్కా చెయ్యి తడిసింది,
శబ్దం మాత్రం అదే శబ్దం.

"వీడే" అన్నాడు.
"ఉన్నా లేకున్నా తేడా తెలీకపోతే
వాడే చచ్చినోడు."

నేను టైరు పక్కన నిలబడి ఉన్నా.
క్లీనర్ని. పేరు చెంగా.
ఆ మాట ఎందుకో నా పక్కకు తిరిగి చెప్పినట్టుండింది.

ఫిల్టర్ గిన్నెలోది గాజుసీసాలో పట్టినాడు.
పైన డీజిలు, అడుగున నీళ్ళు,
మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత.
"ఇది కడిగితే పోతాది."
కడిగినాడు. పోలా.
నాలుగోదాని నాజిల్ మూడోదాంట్లో పెట్టినాడు,
మూడోది నాలుగోదాంట్లో.
నాలుగోది ఆడింది. మూడోది ఆడలా.

అప్పుడు విప్పినాడు ఎయిర్ ఫిల్టరు.
అట్ట నానిపోయి అప్పడం పిండైంది.
మడతల్లో ఒక చెరుకాకు,
ఇంకా బతికున్న ఒక నత్త.
నత్తను తీసి మడ్‌గార్డు మీద పెట్టినాడు,
అది మెల్లగా ఊరు చూడను బయల్దేరింది.

జిలానీ బాయ్ కుప్పుసామి మొగం చూడలా.
నా చొక్కా చూసినాడు.
రొమ్ము మీద, ఈ చంక నుంచి ఆ చంక దాకా
ఎర్రమట్టి గీత.

రాత్రి నీవా కాజ్‌వే మీద
వెదురుకట్టె పట్టుకుని ముందర నడిచింది నేనే.
మోకాలు. మొల. రొమ్ము.
వెనక హెడ్‌లైట్లు, రెండు సార్లు హారను,
చినిగిన టార్పాలిన్ కింద కరిగిపోతున్న బెల్లం,
తెల్లారేలోగా గుడియాత్తం చేరకపోతే తెగ్గోసే రేటు.
పోయిన వానకు వద్దన్నాను.
మా కళ్ళముందే ఇంకో లారీ దాటిపోయింది.
ఆ రోజు నుంచి నా పేరు పిరికిగొడ్డు.
అందుకే కట్టె పైకెత్తి
రా, రా, రా అన్నాను.

"నడుమ నీళ్ళలో ఆగిందా?"
కుప్పుసామి బీడీ వెతుక్కున్నాడు.
"ఆగినాక మళ్ళీ సెల్ఫ్ కొట్టినావా?"
అగ్గిపెట్టె తడిసిపోయింది.
"గాలి నలుగుతాది కుప్పుసామీ, నీళ్ళు నలగవు.
నీళ్ళు నలగకపోతే రాడ్డే వంగాల."

లారీ కింద బెల్లంనీళ్ళు బొట్టు బొట్టు కారి
చీమలకు ఎవరు కబురు పెట్టినారో గానీ
షెడ్డు గుమ్మం దాకా బారు.

"రొమ్ములోతు బాయ్" అన్నాను.
"నేనే రమ్మన్నా."
నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఇది ముందే చెప్పుంటే
పొద్దంతా దాని గుండెకాయ వినే పనే లేదే"
అని ఇంజను దించను గొలుసు తేబోయినాడు.

కుప్పుసామి కొట్టం చివరికి పోయి
ఓనరుకు ఫోను చేసినాడు.
ఒక చెవి మూసుకుని గట్టిగా చెప్తున్నాడు:
"లేదన్నా, నీళ్ళు ఎక్కువేం లేవు,
మోకాటిలోతే."

నేను షెడ్డు వెనక కుళాయి కింద
చొక్కా ఇప్పి
మూడు సార్లు సబ్బు పెట్టి బండకేసి ఉతికినాను.
గీత పోలా.